పీఠం మీద తెరిచి ఉంచే పుస్తకం: ఫ్రీమేసన్ల పవిత్ర గ్రంథం గురించి అపోహలు - వాస్తవాలు

మా ఇంటి ప్రహరీ గోడ కడుతున్న రోజుల్లో తాపీ మేస్త్రీ ఒకాయన మంచినీళ్ల కోసం లోపలికి వచ్చాడు. హాల్లో గోడకి ఒక పటం ఉంది. తెరిచిన పుస్తకం, దాని మీద మూలలు సరిచూసే మూలమట్టం, గుండ్రాలు గీసే కంపాస్. ఆయన కాసేపు దాన్నే చూసి, "ఏటి బాబూ, ఇది మా సామానే గదా! మరి కింద ఆ పుస్తకమేటి?" అన్నాడు. కాసేపాగి, "పుస్తకం మీద సామాను ఎడతారేటండి, తప్పు గాదా?" అని కూడా అడిగాడు.

విజయనగరంలో నన్ను ఫ్రీమేసన్రీ గురించి, అంటే రాతిపనివాళ్ల సామాన్ని నీతికి గుర్తులుగా వాడే మా సోదర సంఘం గురించి, అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది రహస్యాల గురించి, డబ్బు గురించి, పలుకుబడి గురించి అడిగారు. పుస్తకం గురించి అడిగింది ఆ మేస్త్రీ ఒక్కడే. మా సంప్రదాయంలో ముఖ్యమైనది అదే.

నేను 2006లో చేరాను. నెలకోసారి విశాఖ వెళ్లి లాడ్జిలో కూర్చుంటాను. లాడ్జి అంటే బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే చోటు కాదు. మధ్యయుగంలో ఇంగ్లండులో పెద్ద చర్చిలు కట్టే రాతిపనివాళ్లు పని దగ్గర వేసుకున్న పాకకి ఆ పేరుండేది. ఇప్పుడు మా సభ్యుల బృందానికి అదే పేరు. ఒక ఏడాది మాస్టర్‌గా, అంటే లాడ్జి అధ్యక్షుడిగా చేశాను. మా పద్ధతిలో మాస్టర్ పదవి దిగినవాడికి మరుసటి ఏడాది ఒక పని ఉంటుంది. సమావేశం మొదలుపెట్టేటప్పుడు పవిత్ర గ్రంథం తెరవాలి, ముగించేటప్పుడు మూయాలి. ఆ ఏడాదంతా నా చేతుల మీదుగా తెరుచుకున్న పుస్తకం గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బైబిల్ మీద ఒట్టేయించి మతం మారుస్తారు.

మా పెద్దమ్మాయికి సంబంధం మాట్లాడేటప్పుడు అవతలి వైపు పెద్దమనిషి ఒకాయన నలుగురిలో, "మీరు ఆ సంఘంలో చేరి మతం పుచ్చుకున్నారటగా" అన్నారు. చాలా బాధేసింది. లేచి పూజగదిలోకి వెళ్లి, పసుపు బట్టలో చుట్టి ఉంచిన భగవద్గీత తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నేను ప్రమాణం చేసింది ఆ గీత మీదే. ఈ రోజుకీ మా దేవుడి దగ్గరే ఉంది.

లాడ్జిలో ఉంచే గ్రంథానికి ఇంగ్లీషులో 'వాల్యూమ్ ఆఫ్ ది సేక్రెడ్ లా' అని పేరు. పవిత్ర ధర్మ గ్రంథం అనుకోవచ్చు. ఏ మతం పుస్తకమో ఆ పేరులో ఉండదు. ఇంగ్లండు లాడ్జిల్లో మామూలుగా బైబిల్ తెరిచి ఉంటుంది. కానీ అక్కడి లాడ్జిలకి పైన ఉండే ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి 1938లో విడుదల చేసిన ప్రకటనలోనే, చేరే వ్యక్తి ఆ పుస్తకం మీదగానీ, తన మతం పవిత్రమని భావించే గ్రంథం మీదగానీ ప్రమాణం చేయాలని స్పష్టంగా ఉంది. మన దేశంలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఏర్పడింది. మన రాష్ట్రంలోని లాడ్జిలు దాని దక్షిణ ప్రాంతీయ శాఖ కిందికి వస్తాయి, కార్యాలయం చెన్నైలో. ఇక్కడి లాడ్జిల్లో గీత, ఖురాన్, బైబిల్, సిక్కుల గ్రంథం, పార్సీల అవెస్తా పక్కపక్కన కనిపించడం మామూలే.

ఎవరి పుస్తకం వారికెందుకు? కారణం చాలా సూటిగా ఉంటుంది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. తనకి పవిత్రం కానిదాని మీద వేసిన ఒట్టు గట్టెక్కడం ఎంతసేపు? మన ఊళ్లలో తగువు తీర్చేటప్పుడు కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమంటారు, లేదా అమ్మవారి గుడి మెట్టెక్కి చెప్పమంటారు. అబద్ధమాడేవాడి గొంతు అక్కడ వణుకుతుంది. లాడ్జి ఆ వణుకుని గౌరవిస్తుంది. నా చేత ఖురాన్ మీద ప్రమాణం చేయిస్తే ఆ ప్రమాణానికీ విలువ ఉండదు, ఖురాన్‌కీ మర్యాద ఉండదు.

ఈ ఆలోచన మేం కొత్తగా పుట్టించింది కాదు. రాతిపనివాళ్ల పాత నియమావళి ప్రతులు మధ్యయుగం నుంచే దొరుకుతున్నాయి. పెద్దల్లో ఒకరు పుస్తకం పట్టుకోవాలి, కొత్తవాడు దాని మీద చెయ్యి ఉంచాలి, అప్పుడు నియమాలు చదివి వినిపించాలి అని 16వ శతాబ్దం నుంచి వచ్చిన ప్రతుల్లో లాటిన్‌లో రాసి ఉంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడి దగ్గర మాట తీసుకునే పద్ధతి అది. మేం ఇప్పటికీ చేసేది దాదాపు అదే. ప్రమాణానికి ముందు మాస్టర్ ఒక మాట చెబుతారు, ఇందులో నీ దేశానికిగానీ, నీతికిగానీ, నీ మతానికిగానీ విరుద్ధమైనదేదీ లేదని. ఆ మాట విన్నాకే నా గుండెదడ తగ్గింది.

అపోహ: వాళ్లకి వేరే రహస్య గ్రంథం ఉంది.

లేదు. మా దగ్గర చిన్న పుస్తకాలుంటాయి. ఎవరెక్కడ నిలబడాలి, ఏం పలకాలి అని రాసి ఉంటుంది. పురోహితుడి దగ్గర ప్రయోగ పుస్తకం ఉన్నట్టు. దాన్ని ఎవరూ పూజించరు, దాని మీద ఎవరూ ప్రమాణం చేయరు. మేం గోప్యంగా ఉంచేది ప్రధానంగా ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతులే.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. మా కర్మకాండలో నడిచే కథ అంతా బైబిల్‌లో లేదు. సొలొమోను రాజు యెరూషలేములో కట్టించిన మందిరం మా కథకి వేదిక. రాజులు మొదటి గ్రంథం 7వ అధ్యాయంలో తూరు నుంచి వచ్చిన హీరాము అనే ఇత్తడి పనివాడు ఉన్నాడు. మందిరం ముందు నిలబెట్టిన యాకీను, బోయజు అనే రెండు స్తంభాలూ ఉన్నాయి. అంతవరకూ గ్రంథమే. ఆ శిల్పిని ముగ్గురు పనివాళ్లు చంపారనే కథ మాత్రం బైబిల్‌లో ఎక్కడా కనబడదు. 18వ శతాబ్దపు లాడ్జిల్లో రూపుదిద్దుకుంది. విశ్వాసం నిలబెట్టుకోవడం గురించి నాటకంలా చెప్పే నీతికథ అది. మన మేళాల్లో, హరికథల్లో పురాణానికి కథకుడు చేర్చిన ఘట్టాలు ఉంటాయి కదా, అలా చూడాలి. మా సభ్యుల్లోనే కొందరు దాన్ని చరిత్ర అని చెప్పేస్తుంటారు. అది సరికాదని లాడ్జిలోనూ చెబుతాను.

అపోహ: 'విశ్వ మహాశిల్పి' అని వేరే దేవుణ్ణి కొలుస్తారు.

లాడ్జిలో దేవుణ్ణి 'గ్రేట్ ఆర్కిటెక్ట్ ఆఫ్ ది యూనివర్స్' అని పిలుస్తారు. తెలుగువాళ్లకి వినగానే విశ్వకర్మ గుర్తొస్తాడు. మా లాడ్జిలో ఒక విశ్వబ్రాహ్మణ సోదరుడు ఆ పేరు వినగానే కళ్లు మూసుకుని నమస్కారం పెడతాడు. ఆయన పక్కన కూర్చునే ముస్లిం సోదరుడికి అదే పేరు అల్లాహ్‌ని గుర్తుచేస్తుంది. ఇద్దరిలో ఎవరిది సరైనదని లాడ్జి అడగదు. ఆ పేరుకి వేరే రూపం లేదు, వేరే మంత్రం లేదు, వేరే మోక్షం లేదు.

సైతాను పూజ చేస్తారనే మాట కూడా ఇక్కడే వస్తుంది. వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ కథలకి చాలావరకు మూలం ఫ్రాన్సులో ఉంది. లియో టాక్సిల్ అనే కలం పేరుతో ఒకాయన 1885 నుంచి పన్నెండేళ్లపాటు మేసన్ల మీద సైతాను కథలు అల్లి పుస్తకాలమ్మాడు. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, అవన్నీ కల్పితాలేనని తనే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్న సంగతి తిరగదు, కథలు మాత్రం తిరుగుతున్నాయి.

అపోహ: దేవుణ్ణి నమ్మనివాళ్లూ చేరవచ్చు, పుస్తకం అలంకారానికే.

ఇంగ్లండు పద్ధతి పాటించే మా లాడ్జిల్లో కుదరదు. దేవుడి మీద నమ్మకం ఉందా అనేది మొట్టమొదటి ప్రశ్న. 1929లో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి రాసిపెట్టిన ప్రాథమిక నియమాల్లో, లాడ్జి పనిలో ఉన్నంతసేపూ పవిత్ర గ్రంథం, మూలమట్టం, కంపాస్ అందరికీ కనబడేలా ఉండాలని, వాటిలో ప్రధానమైనది గ్రంథమేనని ఉంది. వీటినే మూడు మహాజ్యోతులు అంటారు. ఫ్రాన్సులోని గ్రాండ్ ఓరియంట్ అనే మేసన్ల సంస్థ 1877లో దేవుడి మీద నమ్మకం అనే నిబంధనని తీసేసింది. ఇంగ్లండు వాళ్లు ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నారు. ఆ చీలిక ఇప్పటికీ అతకలేదు. పుస్తకం అలంకారమే అయితే నూటయాభై ఏళ్లుగా ఈ ఎడబాటు ఎందుకు?

మేస్త్రీ అడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. అది తేలిక ప్రశ్న కాదు. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకునే వాళ్లం మనం. ఆయనతో ఇలా చెప్పాను: "నువ్వు దసరాకి తాపీ, గుండు, మూలమట్టం అమ్మవారి ముందు పెట్టి బొట్టు పెడతావు కదా. ఇక్కడా సామాను దేవుడి మాట ఒళ్లో పెట్టాం." మూలమట్టం మా నడతని సరిచూస్తుంది, కంపాస్ మా కోరికలకి గిరి గీస్తుంది. ఆ రెండింటికీ కొలత ఇచ్చేది కింద ఉన్న పుస్తకం. పునాది చదునుగా లేకపోతే మూలమట్టం ఏం చెబుతుంది? ఆయన తలూపాడు. ఒప్పుకున్నాడో, పెద్దవాడినని ఊరుకున్నాడో అడగలేదు.

అపోహ: అన్ని గ్రంథాలూ ఒకచోట పెట్టారంటే, అన్ని మతాలూ ఒకటేనని వాళ్ల సిద్ధాంతం.

ఇది బయటివాళ్లకంటే మావాళ్లలోనే ఎక్కువ. వేదికల మీద అందంగా వినిపిస్తుంది. కానీ లాడ్జి ఆ మాట ఎప్పుడూ అనలేదు, అనకూడదు కూడా. మతాలన్నీ ఒకటే అనడం కూడా ఒక మతాభిప్రాయమే. నిష్ఠగా నమాజు చేసే సోదరుడు దాన్ని ఎందుకు ఒప్పుకోవాలి? ఆదివారం ప్రార్థన మానని సోదరుడు ఎందుకు ఒప్పుకోవాలి? లాడ్జిలో మతచర్చ, రాజకీయ చర్చ నిషేధం. పుస్తకం తెరుస్తాం, దానికి అర్థం చెప్పం. కొత్తగా చేరినవాడికి చేసే ఉపదేశంలో, నీ పవిత్ర గ్రంథాన్ని శ్రద్ధగా మననం చేసుకో, దాని ప్రకారం నడుచుకో అని ఉంటుంది. ఎలా అర్థం చేసుకోవాలో అతని గురువులు, అతని గుడి, మసీదు, చర్చి చూసుకుంటాయి.

1723లో మేసన్ల కోసం జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి, మనుషులందరూ అంగీకరించే మతానికి కట్టుబడి, ఎవరి ప్రత్యేక అభిప్రాయాలు వారి దగ్గరే ఉంచుకోమంది. దాని అర్థం మీద మూడు వందల ఏళ్లుగా వాదనలున్నాయి. ఎవరి అభిప్రాయం వారి దగ్గర అన్న భాగమే నాకు ముఖ్యం.

ఇక్కడ కతోలిక మిత్రులకి ఒక మాట చెప్పాలి. మీ చర్చి మేసన్రీని 1738లోనే ఖండించింది, 1983లో, మళ్లీ 2023లో ఆ నిషేధాన్ని గుర్తుచేసింది. చేరాలనుకునే కతోలికుడికి నేను ఆ సంగతి ముందే చెబుతాను. తన మతానికి విరుద్ధం కాదని మేం మాటిచ్చాక, తన మతపెద్దలు కాదంటున్న విషయం దాచడం న్యాయం కాదు.

అపోహ: మొదటినుంచీ అందరినీ చేర్చుకున్నారు.

ఇది మేం గొప్ప కోసం చెప్పుకునే మాట, పూర్తిగా నిజం కాదు. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దత్-ఉల్-ఉమరా 1770ల్లోనే చేరాడు. హిందువులకి మాత్రం తలుపు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. ఇంతమంది దేవుళ్లని కొలిచేవాడు ఒక్క పరమాత్ముణ్ణి నమ్ముతాడా, అతనితో ఏ పుస్తకం మీద ప్రమాణం చేయించాలి అని బెంగాలులోని ఇంగ్లీషు పెద్దలు అభ్యంతరం పెట్టారు. ప్రసన్న కుమార్ దత్ అనే కలకత్తా వ్యాపారి 1860ల్లో దరఖాస్తు చేసి, పట్టు విడవకుండా పోరాడి, 1872లో లోపలికి వెళ్లగలిగాడు. ఆ తరవాత 1884లో కలకత్తాలో నరేంద్రనాథ్ దత్తా అనే యువకుడు చేరాడు. వివేకానందుడు ఆయనే. ఇవాళ నేను గీత మీద చెయ్యి పెట్టగలిగానంటే, ఆ దారి వేసింది ప్రసన్న కుమార్. ఆయన పేరు మా సభ్యుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

హిందువుకి గీతే ఎందుకు, వేదం ఎందుకు కాదు అని పండితులు అడుగుతారు. వేదం శ్రుతి, గీత స్మృతిలో భాగం, నిజమే. చేతికి అందేది, ఎక్కువమంది ఇళ్లలో ఉండేది గీత. సినిమా కోర్టుల్లో గీత మీద ప్రమాణం చూసి ఇదీ అలాంటిదే అనుకోవద్దు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం అసలు కోర్టుల్లో పుస్తకం అక్కర్లేదు, దేవుడి పేరు మీద చెప్పినా, మనస్సాక్షిగా చెప్పినా చాలు. లాడ్జిలో మాత్రం పుస్తకం లేకుండా పని మొదలుకాదు.

కొన్నేళ్ల క్రితం గజపతినగరం వైపు నుంచి ఒక కుర్రాడు చేరడానికి వచ్చాడు. సివిల్ కాంట్రాక్టరు. ముందురోజు ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "గురువుగారూ, నాను గీత ఎప్పుడూ చదవలేదండి. నాకు దేవుడంటే పైడితల్లే. అబద్ధంగా చెయ్యెట్టలేను. ఏటి చెయ్యమంటారు?" ఆ ప్రశ్న విన్నాక అతను చేరవలసినవాడేనని నాకు అనిపించింది. మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడికి వెళ్లమన్నాను. కొత్త గీత ఒకటి కొని ఆవిడ పాదాల దగ్గర పెట్టించి తీసుకురమ్మన్నాను. మర్నాడు సాయంత్రం నుదుటి మీద కుంకుమతో వచ్చాడు. పుస్తకం అట్ట మీద కూడా కుంకుమ ఉంది. ఆ రోజు పీఠం దగ్గర దాన్ని తెరిచింది నేనే. నా వేళ్లకంటిన ఎర్రదనం, సమావేశం అయ్యాక చేతులు కడుక్కునేదాకా అలాగే ఉంది.