ముప్పై వేల మందికి ఒక అసెంబ్లీ

అమ్ములూ, చిన్నోడా,

మొన్న వీడియో కాల్లో మ్యాప్ చూస్తూ చిన్నోడు అడిగాడు కదా, తాతయ్యా ఓలాండ్ దీవుల్లో జనమే 30 వేలు, వాళ్ళకి సొంత అసెంబ్లీ ఎందుకు అని. ఈలోగా నెట్ పోయింది, కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ దీవులు ఫిన్లాండ్‌కీ స్వీడన్‌కీ మధ్య బాల్టిక్ సముద్రంలో ఉంటాయి. దేశం ఫిన్లాండ్, ఇంట్లో మాట్లాడేది స్వీడిష్. గొడవంతా దాంతోనే మొదలైంది. 1917లో ఫిన్లాండ్ రష్యా నుంచి విడిపోతుంటే వీళ్ళేమో మేం స్వీడన్‌లో కలుస్తాం అన్నారు, ఫిన్లాండ్ కుదరదంది, 1920లో స్వయంపాలన చట్టం చేసిచ్చినా వీళ్ళు మాకొద్దన్నారు, చివరికి నానాజాతి సమితి, అంటే ఐక్యరాజ్య సమితికి ముందుండేది, దాని దాకా పోయింది. 1921లో తేల్చారు: దీవులు ఫిన్లాండ్‌వే, కానీ వాళ్ళ భాషకీ పద్ధతులకీ ఫిన్లాండ్ హామీ ఇవ్వాలి. అలా 1922 జూన్ 9న వాళ్ళ సభ, లాగ్‌టింగ్ అంటారు, మొదటిసారి కూర్చుంది. మొదటి స్పీకర్ ఎవరో తెలుసా, యూలియస్ సుండ్‌బ్లూమ్, స్వీడన్‌లో కలవాలని ఉద్యమం నడిపి రెండేళ్ళ ముందే దేశద్రోహం కేసులో అరెస్టయిన మనిషి! ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సభ్యులు 30 మంది, ఎన్నికలు నాలుగేళ్ళకోసారి. మన దగ్గరలా నియోజకవర్గాలుగా విడగొట్టరు, దీవులన్నీ కలిపి ఒకటే, ఏ పార్టీకి ఎన్ని ఓట్లొస్తే ఆ లెక్కన సీట్లు. ఓటెయ్యాలన్నా పోటీ చెయ్యాలన్నా 'ఇంటి హక్కు' లాంటిదొకటి ఉండాలి, అమ్మకో నాన్నకో ఉంటే పుట్టుకతో వస్తుంది, బయట్నుంచి వచ్చినవాళ్ళు ఫిన్లాండ్ పౌరులై, ఐదేళ్ళు అక్కడ ఉండి, స్వీడిష్ వచ్చని చూపించాలి. సభే వాళ్ళ ప్రభుత్వ పెద్దని ఎన్నుకుంటుంది.

బడులు, ఆసుపత్రులు, లోకల్ పోలీసు, పోస్టు, ఇవన్నీ లాగ్‌టింగ్ చేతిలో. విదేశీ వ్యవహారాలు, కోర్టులు, కస్టమ్స్ లాంటివి ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి చేతిలో. మరి ఎవరైనా గీత దాటితే? లాగ్‌టింగ్ చేసిన ప్రతి చట్టం ఫిన్లాండ్ ప్రెసిడెంట్ దగ్గరికెళ్తుంది, కానీ నాకిది నచ్చలేదని ఆపడానికి వీల్లేదు, అధికారం దాటిందనో దేశ భద్రతకి ముప్పనో మాత్రమే ఆపాలి, అదీ నాలుగు నెలల్లోపు. ముందు నలుగురు సభ్యులూ ఒక ఛైర్మనూ ఉన్న కమిటీ ఆ చట్టాన్ని చూస్తుంది, ఇద్దర్ని ఫిన్లాండ్ ప్రభుత్వం వేస్తుంది, ఇద్దర్ని లాగ్‌టింగ్ ఎన్నుకుంటుంది. గవర్నర్ విషయంలోనూ అంతే, ప్రెసిడెంట్ వేసేముందు లాగ్‌టింగ్ స్పీకర్‌తో ఒప్పందానికి రావాలి, కుదరకపోతే లాగ్‌టింగ్ ఇచ్చిన ఐదు పేర్లలోంచే ఎంచుకోవాలి. ఎంత ఆలోచించి పెట్టారో చూడండి!

ఇప్పుడు చిన్నోడి ప్రశ్న. హెల్సింకి పార్లమెంటులో 200 మంది ఉంటే ఓలాండ్ నుంచి ఒక్కరే. ఆ ఒక్క ఓటుతో ఏం ఆపగలరు నాన్నా, రేపు మిగతా 199 మందీ ఈ స్వయంపాలన ఇక చాలనుకుంటే? అందుకే తాళం అక్కడ పెట్టలేదు. ఆ స్వయంపాలన చట్టం మార్చాలంటే పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసినంత కష్టపడి ఒప్పుకోవాలి, ఆ పైన ఇక్కడ లాగ్‌టింగ్‌లో కూడా ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది సరే అనాలి. వాళ్ళు అననంతవరకు దాంట్లో ఒక్క అక్షరం కూడా కదలదు.

అమ్మని అడిగానని చెప్పండి, ఈసారి కాల్లో మ్యాప్ మళ్ళీ తెరిచి ఉంచండి.

మీ తాతయ్య