వేడెక్కాల్సింది రాగి

డ్రోన్ బ్యాటరీ తీగకు కనెక్టర్ అతికించేటప్పుడు చాలామంది సోల్డరింగ్ ఐరన్ మొన మీద సోల్డర్ (అతుకు వేసే మెత్తని లోహం) కరిగించి, దాన్ని తీగకు పూస్తారు. అతుకు నిండుగా కనిపిస్తుంది, గట్టిగా లాగితే ఊడి వస్తుంది. సోల్డర్ కరిగినా రాగి వేడెక్కకపోవడమే కారణం. సోల్డర్‌లోని తగరం రాగితో కలిసి పలుచని మిశ్రమ పొరగా మారితేనే అతుకు నిలుస్తుంది.

63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సీసం లేని రకాలకు సాధారణంగా 217 డిగ్రీలు దాటాలి. రాగి తీగ కూడా అంత వేడికి చేరాలి. కానీ లావుపాటి తీగ వేడిని వెంటనే వెనక్కి లాగేసుకుంటుంది. సన్నని మొనతో ఎంతసేపు అదిమిపట్టినా అతుకు పడదు, ఈలోగా కనెక్టర్ ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకు ఒరుగుతాయి. కాబట్టి ప్లాస్టిక్‌ను కాపాడేది తక్కువ వేడి కాదు, తక్కువ సమయం. 60 వాట్లు, అంతకు మించిన ఐరన్, వెడల్పాటి మొన వాడండి. దానికి జతయ్యే రెండో కనెక్టర్‌ను తొడిగి ఉంచితే పిన్నులు కదలవు.

ముందుగా ష్రింక్ ట్యూబును, అంటే వేడి తగిలితే ముడుచుకుని అతుకును కప్పే గొట్టాన్ని, తీగకు ఎక్కించుకోవాలి. తర్వాత పోగులను మెలిపెట్టి ఫ్లక్స్ రాయాలి. రాగి మీది ఆక్సైడ్ పొరను తొలగించేది ఇదే. రోజిన్ (చెట్టు జిగురు) రకమే మంచిది, నీటి గొట్టాలకు వాడే ఆమ్ల ఫ్లక్స్ తీగను తినేస్తుంది. మొనను తీగ కింద ఆనించి, సోల్డర్‌ను పైనుంచి తీగకే తాకించండి. రాగి తగినంత వేడెక్కగానే సోల్డర్ పోగుల సందుల్లోకి పీల్చుకుపోతుంది. కనెక్టర్ పిన్ను వెనక తీగ కూర్చునే గిన్నెలో కూడా కాస్త సోల్డర్ కరిగించి, తీగను అందులో ముంచి, ఐరన్ తీశాక గట్టిపడేదాకా కదపకుండా పట్టుకోవాలి.

బ్యాటరీ వైపు పనిచేస్తుంటే రెండు తీగలను ఒకేసారి కత్తిరించకండి, కత్తెర లోహం వాటిని కలిపేసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఒకటి పూర్తిచేసి కప్పాకే రెండోది ముట్టుకోవాలి. పొగ పీల్చకండి. సీసం ఉన్న సోల్డర్ ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అతుకులో 1 మిల్లీఓమ్ నిరోధం మిగిలినా 50 ఆంపియర్ల విద్యుత్తుకు అక్కడ 2.5 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. డ్రోన్ దిగగానే కనెక్టర్‌ను, దాని పక్క తీగను వేలితో జాగ్రత్తగా తాకి చూడండి. కనెక్టర్ బాగా వేడిగా, తీగ చల్లగా ఉంటే ముందు అతుకును అనుమానించండి. అతుకు బాగుంటే కనెక్టర్ పిన్నులు వదులయ్యాయేమో చూడండి.