మెదడులో గడ్డ ఆగిందంటే నయమైనట్టే

భీమవరంలోనో అమలాపురంలోనో చెవి డాక్టర్ల దగ్గరకు కొందరు ఇలా చెప్పుకుంటూ వస్తారు: ఫోను కుడి చెవికి పెట్టుకుంటే మాట స్పష్టంగా తెలుస్తుంది, ఎడమ చెవికి పెడితే ఏదో గొణుగుడు. ఆ చెవిలో ఎప్పుడూ హోరు. పగలు బాగానే నడుస్తారు, రాత్రిపూట ఏరేటర్లు చూడటానికి రొయ్యల చెరువు గట్టెక్కితే మాత్రం ఒక పక్కకు తూలిపోతారు. చీకట్లో కళ్ళ ఆసరా ఉండదు కాబట్టి చెవి లోపలి లోపం అప్పుడే బయటపడుతుంది. వయసు మీద పడిందనో, చెవిలో గుబిలి చేరిందనో ఏళ్ళు గడిపేస్తుంటారు. రెండు చెవుల్లో ఒక్కటే మందగిస్తే ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష తీయించాలి. తేడా నిజమేనని తేలితే ఎమ్మారై చేయించాలి. కొద్దిమందిలో వినికిడి నరాన్ని ఆనుకుని సెంటీమీటరో, రెండు సెంటీమీటర్లో గడ్డ కనబడుతుంది. దీన్ని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. రిపోర్టులో అకౌస్టిక్ న్యూరోమా అని రాసినా ఇదే.

ఇది క్యాన్సర్ కాదు. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమాల్లో ఎక్కువ భాగం, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే అడినోమాలు కూడా ఇలాంటివే. ఒంట్లో మరోచోటికి పాకవు, పెరిగినా నెమ్మదిగా పెరుగుతాయి. ఇబ్బందల్లా పుర్రెలో చోటు లేకపోవడమే. కంటి నరం పక్కన గడ్డ మూడు మిల్లీమీటర్లు పెరిగినా చూపు దెబ్బతినొచ్చు.

అందుకని కనబడిన వెంటనే చికిత్సకు పరుగెత్తాల్సిన పని అందరికీ లేదు. రెండు సెంటీమీటర్ల లోపు ష్వానోమా కొత్తగా బయటపడిన 100 మందిపై నార్వేలో చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. సగం మందికి ముందే రేడియేషన్ ఇచ్చారు, మిగతా సగాన్ని స్కానింగులతో గమనిస్తూ వచ్చారు. నాలుగేళ్ళకు మొదటి బృందంలో గడ్డలు సగటున కొంచెం కుదించుకున్నాయి, రెండో బృందంలో పెరిగాయి. వినికిడిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక చిన్న గడ్డను ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి స్కాన్ చేస్తూ చూడటం నిర్లక్ష్యమేమీ కాదు, అదీ వైద్యమే. పిట్యూటరీ గడ్డల్లో ప్రొలాక్టిన్ హార్మోను ఎక్కువగా తయారుచేసే రకానికైతే ముందు కాబర్‌గొలిన్ మాత్రలే. చాలామందిలో వాటితోనే గడ్డ తగ్గుతుంది.

గడ్డ పెరుగుతోందని తేలినప్పుడు, సైజు దాదాపు మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు గురిపెట్టిన రేడియేషన్ మంచి దారి. మన ఊళ్ళలో కరెంటు పెట్టడం అనేది ఈ రేడియేషన్‌నే. 1951లో స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1968లో స్టాక్‌హోంలో గామా నైఫ్ అనే రేడియేషన్ యంత్రం వాడుకలోకి వచ్చింది. ఇప్పటి గామా నైఫ్‌లో 192 కోబాల్ట్-60 మూలాలుంటాయి. వాటి కిరణాలన్నీ ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి. ఒక్కో బోదెలో పాదం తడిసేంత నీరే పారినా, బోదెలన్నీ ఒకే మడిలోకి తిరిగితే అక్కడ మోకాలిలోతు నిలుస్తుంది. ఇదీ అంతే. దారిలోని మెదడుకు తగిలేది కొద్దిపాటే, గడ్డలో మాత్రం మొత్తం పోగవుతుంది. ఇదే పనికి వాడే లీనాక్, సైబర్‌నైఫ్ యంత్రాల్లో కోబాల్ట్ ఉండదు. ఎక్స్-కిరణాల మూలం ఒక్కటే, అది రోగి చుట్టూ తిరుగుతూ అనేక కోణాల నుంచి కిరణాలు పంపుతుంది. యంత్రం పేరు కంటే దాన్ని నడిపే బృందం అనుభవం ముఖ్యం. కోబాల్ట్ బలం 5.27 ఏళ్ళకు సగమవుతుంది కాబట్టి, కొత్తలో అరగంట పట్టిన చికిత్సకు అప్పటికి గంట పడుతుంది. సమయం పెరిగినా మోతాదు తగ్గదు.

మోతాదును గ్రేల్లో కొలుస్తారు. ష్వానోమా అంచుకు అందాల్సింది 12 లేదా 13 గ్రే. గామా నైఫ్‌లో సాధారణంగా అంచు దగ్గర ఉండే మోతాదు నడిమధ్యలో ఉండేదానికి సగం, అంటే మధ్యలో 24 నుంచి 26 గ్రే దాకా చేరుతుంది. మెనింజియోమాకు 12 నుంచి 16 గ్రే ఇస్తారు. కంటి నరానికి ఎనిమిది, పది గ్రే మించి తగలకూడదు. అందుకే కంటి నరానికీ గడ్డకూ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్ల ఎడం కోసం చూస్తారు. ఎడం లేకపోతే మోతాదును విడగొడతారు. రోజుకు 5 గ్రే చొప్పున ఐదు రోజులు గానీ, రోజుకు 1.8 గ్రే చొప్పున 28 నుంచి 30 రోజులు గానీ ఇస్తారు. కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు తిరుగు టికెట్ తీసుకునే ముందే ఎన్ని సిట్టింగులో అడగండి. వారానికి ఐదు రోజుల లెక్కన 30 సిట్టింగులంటే హైదరాబాద్‌లో ఆరు వారాలు గది తీసుకోవాలి. గడ్డ మూడు సెంటీమీటర్లు దాటి, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండాన్ని నొక్కుతుంటే ముందు ఆపరేషనే. రేడియేషన్ తర్వాత వచ్చే వాపును భరించే చోటు అక్కడ ఉండదు.

చికిత్స రోజు భయపడినంత కష్టమేమీ కాదు. తల కదలకుండా పట్టి ఉంచే ఫ్రేము పద్ధతిలో నుదుటి దగ్గర రెండు, తల వెనుక రెండు మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి నాలుగు పిన్నులు బిగిస్తారు. గుండు చేయరు. మిల్లీమీటరు మందంతో ఎమ్మారై తీసి, డాక్టర్లు గడ్డ అంచును ఒక్కో స్కాను ముక్కలో గీస్తారు. ఫిజిసిస్టు ప్లాను లెక్క కడతాడు. స్కానులో గడ్డ స్పష్టంగా కనబడటానికి కాంట్రాస్టు ఇంజెక్షను ఇస్తారు కాబట్టి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకుని వెళ్ళాలి. మాస్కు పద్ధతిలో వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. కొద్ది నిమిషాల్లో అది గట్టిపడుతుంది. ఇక్కడ ఓ జాగ్రత్త చెప్పాలి. మాస్కు వేశాక ద్వారకా తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకుని, గుండుతో చికిత్సకు వస్తే మాస్కు వదులవుతుంది, తల కదులుతుంది. మిల్లీమీటరు లెక్క తప్పుతుంది కాబట్టి కొత్త మాస్కు, కొత్త స్కాను, కొత్త ప్లాను. తలనీలాలు మాస్కుకు ముందో, చికిత్స పూర్తయ్యాకో ఇవ్వండి. వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇస్తే షుగరు పెరుగుతుంది, షుగరు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

అసలు గందరగోళం ఆ తర్వాత మొదలవుతుంది. రేడియేషన్ గడ్డను కాల్చేయదు. కణాల డీఎన్ఏను తెంచుతుంది. ఈ కణాలు విభజన చెందేదే నెమ్మదిగా, కాబట్టి అవి చావడానికీ నెలలు, ఏళ్ళు పడుతుంది. గడ్డకు రక్తం అందించే సన్నని నాళాలు కూడా మెల్లగా మూసుకుపోతాయి. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య చాలా ష్వానోమాలు తాత్కాలికంగా ఉబ్బుతాయి. మధ్యభాగం స్కానులో నల్లగా కనబడుతుంది. గడ్డ పెరిగిందని రిపోర్టులో చదివి ఇంటిల్లిపాదీ కుంగిపోతారు, కొందరు అవసరం లేని ఆపరేషన్‌కు సిద్ధపడతారు. లక్షణాలు ముదరకపోతే మరో ఆరు నెలలాగి మళ్ళీ స్కాను చూడటమే సరైన పని. పదేళ్ళ లెక్కలో పదిమందిలో తొమ్మిది మందికి పైగా ష్వానోమా పెరగడం ఆగిపోతుంది. ఆగిన గడ్డ స్కానులో జీవితాంతం కనబడుతూనే ఉండొచ్చు. వినికిడి మాత్రం చికిత్స సఫలమైనా ఏళ్ళ తరబడి కొంత తగ్గుతూ పోవచ్చు. ఈ మాట ముందే చెప్పని డాక్టరు రోగికి అన్యాయం చేసినట్టే.

ఒకచోట మూడు మిల్లీమీటర్ల ముక్కలతో, మరోచోట మిల్లీమీటరు ముక్కలతో తీసిన స్కానులను పక్కపక్కన పెడితే లేని పెరుగుదల ఉన్నట్టు కనబడుతుంది. వీలైతే ఒకే సెంటర్‌లో, కాంట్రాస్టుతో, సన్నని ముక్కలతో తీయించండి. ప్రతిసారీ సీడీ అడిగి తీసుకోండి. మోతాదు, తేదీ, ప్లాను రాసిన కాగితం జిరాక్సు తీసి దాచుకోండి.

తూలు పూర్తిగా తగ్గేదాకా కొబ్బరిచెట్టు ఎక్కే పని మానుకోవాలి, రాత్రి కాలవగట్టు మీద బండి నడపకూడదు. తలనొప్పి, వాంతులు ఎక్కువవుతున్నా, నడక తడబడి మూత్రం ఆపుకోలేకపోతున్నా తలలో నీరు చేరుతోందేమోనని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మెనింజియోమా ఉన్నవారిలో మూర్ఛ వచ్చినా అంతే. పిట్యూటరీకి రేడియేషన్ తీసుకున్నవారు ఏటా కార్టిసాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. ఆ హార్మోన్లు ఐదేళ్ళ తర్వాత కూడా పడిపోవచ్చు. అప్పుడు వచ్చే నీరసానికి సెలైన్ ఎక్కించి పంపేస్తే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.