పాలిచ్చినందుకు కాదు

"పాలిస్తే రొమ్ములు జారిపోతాయే, డబ్బా పాలు అలవాటు చెయ్యి" అని బాలింతలకు చెప్పడం విశాఖలో ఎన్నోసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ మాట నిజం కాదు, నష్టపోయేది పసిబిడ్డ.

రొమ్ములో కండరం ఉండదు. పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని పీచుపట్టీలు, పైన చర్మం, అంతే. ఆ పట్టీలను 1840లో వర్ణించిన ఇంగ్లండు సర్జన్ ఆస్ట్లీ కూపర్ పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. కడుపుతో ఉన్నప్పుడు రొమ్ము పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. సాగిన పట్టీలు, చర్మం మాత్రం మునుపటిలా బిగుసుకోవు. కాన్పుల సంఖ్య, వయసు, బరువులో హెచ్చుతగ్గులు, పొగ అలవాటు దీనికి కారణాలు. పాలిచ్చినందువల్ల అదనంగా జారుతుందని పరిశోధనల్లో తేలలేదు. సాగిన చర్మాన్ని క్రీములు బిగించలేవు, వ్యాయామమూ బిగించలేదు.

కొందరు బ్రెస్ట్ లిఫ్ట్ ఆపరేషన్ చేయించుకుంటారు. అది వాళ్ల ఇష్టం, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మత్తిచ్చి, రెండు మూడు గంటల్లో అదనపు చర్మం తీసేసి, లోపలి భాగాన్ని పైకి మలుస్తారు. చనుమొనను సాధారణంగా విడదీయరు. రక్తనాళాలున్న కణజాలంతో పాటే పైకి జరుపుతారు. నికోటిన్ ఆ నాళాలను కుదిస్తుంది కాబట్టి సిగరెట్టయినా, మన తీరంలో కొందరు ఆడవాళ్లు నిప్పు నోట్లో ఉండేలా చుట్ట తిప్పి తాగే అడ్డపొగైనా కొన్ని వారాల ముందే మానాలి.

బాగా జారితే కోతలు మూడు: చనుమొన చుట్టూ ఒకటి, కిందికి నిలువుగా ఒకటి, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఒకటి. రేవు ఊరివాళ్లం, చూడగానే లంగరంటాం. నిలువు కోత అడ్డకోతను కలిసే చోట లాగుడు ఎక్కువ, అక్కడే గాయం ఆలస్యంగా మానుతుంది. మన ఉక్కలో చెమట చేరేదీ ఆ మడతలోకే! డాక్టరు చెప్పినట్టు శుభ్రం చేసి, మెత్తగా అద్ది ఆరనివ్వాలి. పసుపు, పౌడరు అద్దకండి. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా, ఒకవైపు హఠాత్తుగా ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చు. ఇంటి పనితోనే చిక్కు. నాలుగు నుంచి ఆరు వారాలు నీళ్ల బకెట్ ఎత్తకూడదు, వెల్లకిలా పడుకోవాలి, ముందు హుక్కులున్న బ్రా రాత్రీ పగలూ వేసుకోవాలి. మచ్చలు నెలల తరబడి ఎర్రగా ఉండి, ఏడాదికో ఆపైనో పాలిపోతాయి.

మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఆపరేషన్ ఆ తర్వాతే మేలు, ఎందుకంటే ఇంకో గర్భంతో చర్మం మళ్లీ సాగుతుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, చేతులు చాచి ఎత్తుకోమన్నప్పుడు ఎవరు ఎత్తుకుంటారో ఆపరేషన్ తేదీకి ముందే మాట్లాడుకోండి.