అమ్మవారు అడిగింది పెద్దమ్మకి తెలియదా?

కావలి దగ్గర మా ఊళ్ళో పోలేరమ్మ కొలుపులప్పుడు మా పెద్దమ్మకి పూనకం వచ్చేది. వేపమండలు పట్టుకుని ఊగుతూ, ఎవరింట్లో ఏ మొక్కు తీరకుండా ఉందో పేరు పెట్టి అడిగేది. పసుపునీళ్ళు చల్లి, హారతి ఇస్తే దిగేది. "ఏమడిగావు పెద్దమ్మా?" అంటే, "నాకేం తెల్దబ్బయా" అనేది.

కొలుపుల్లో వచ్చే పూనకం జబ్బు కాదు. అయితే ఆ "నాకేం తెల్దు" అన్న మాటే డిసోసియేటివ్ రుగ్మతలు (జ్ఞాపకం, "నేను" అనే భావన తెగి విడిపోయే మానసిక జబ్బులు) ఉన్నవాళ్ళ నోట, పూజా పండగా లేకుండానే, బతుకు తలకిందులయ్యేలా వినిపిస్తుంది.

1887 జనవరిలో అమెరికాలో ఆన్సెల్ బోర్న్ అనే క్రైస్తవ మత ప్రచారకుడు బ్యాంకులో డబ్బు తీసుకుని మాయమయ్యాడు. పెన్సిల్వేనియాలోని నోరిస్‌టౌన్‌లో ఎ. జె. బ్రౌన్ పేరుతో చిల్లర కొట్టు పెట్టాడు. మిఠాయిలు, పళ్ళు అమ్మాడు. మార్చి 14న నిద్రలేచి, నేనెక్కడున్నానని ఇంటివాళ్ళని అడిగాడు. కొట్టు సంగతే తెలియదన్నాడు. 1890లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఆయన్ని హిప్నటైజ్ చేస్తే ఆ రెండు నెలల జ్ఞాపకాలూ బయటికొచ్చాయి. అంటే చెరిగిపోలేదు, దారి మూసుకుపోయిందంతే. ఇంకో సంగతి: తాను బోర్న్ అన్నది మరిచినా, బ్రౌన్‌గా ఉన్నప్పుడు మాట్లాడడం మరవలేదు, చిల్లర లెక్కా మరవలేదు. ఇలాంటివాళ్ళలో తప్పిపోయేది ఎక్కువగా "ఇది నాకు జరిగింది" అనే జ్ఞాపకమే. భాష, చేతిపని సాధారణంగా మిగులుతాయి. తలకి దెబ్బ తగిలినవాళ్ళ మతిమరుపు తీరు వేరు.

మరి ఒకే మనిషి ఇద్దరు ముగ్గురుగా మారే రుగ్మతలో, ఆ వ్యక్తిత్వాల మధ్య మతిమరుపు గోడ గట్టిదేనా? నెదర్లాండ్స్‌లో రఫాయెల్ హంట్జెన్స్ బృందం 2003లో దీన్ని పరీక్షించింది. ఒక వ్యక్తిత్వానికి కొన్ని పదాలు నేర్పారు. తర్వాత వచ్చిన వ్యక్తిత్వం ఆ పదాలు ఎరగనంది. పరీక్ష పెడితే మాత్రం వాటి ఆనవాళ్ళు దొరికాయి. దీన్ని నటన అని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. సమాచారం లోపల ఉండి కూడా "నాది" అనిపించకపోవచ్చు. ఎంతో బాధపడ్డ మనిషికి అలా అనిపించకపోవడమే ఊరట కూడా కావచ్చు.

మన వైపు ఇలాంటి మనిషిని ముందు నెల్లూరు జిల్లాలోని ఏఎస్ పేట దర్గాకి తీసుకెళ్తారు. వెళ్ళొద్దనను, సైకియాట్రిస్టుకీ చూపించండంటాను.

మళ్ళీ పెద్దమ్మ దగ్గరికొస్తే, అమ్మవారు అడిగిన మొక్కులన్నీ పెద్దమ్మకి ముందే తెలిసినవి. పొరుగూరివాళ్ళ బాకీ ఒక్కటీ ఎన్నడూ అడగలేదు.