ఎర్ర అట్ట పుస్తకం అమ్మిన ఊరు

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లల్లో చాలామందికి డీకిన్ యూనివర్సిటీ తెలుసు. ఆ డీకిన్ ఎవరని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆల్‌ఫ్రెడ్ డీకిన్ ఆస్ట్రేలియాకు మూడుసార్లు ప్రధానిగా చేశాడు. దానికి చాలా ముందు, 28 ఏళ్ల కుర్ర మంత్రిగా, విక్టోరియా కాలనీ ప్రభుత్వం తరఫున 1885లో కాలిఫోర్నియా వెళ్లాడు. ఉత్తర విక్టోరియా వరుస కరువులతో అల్లాడుతోంది. అమెరికావాళ్లు ఎడారిలో నారింజ తోటలు ఎలా పెంచుతున్నారో చూసి రావాలి. చూశాడు, ముగ్ధుడయ్యాడు. ముర్రే నది ఒడ్డున ఇప్పుడు కనిపించే మిల్డూరా ద్రాక్ష తోటలకు మూలం ఆ ప్రయాణమే.

ఆయనను అంతగా ఆకట్టుకున్న ఊరి పేరు ఆంటారియో. కెనడాలోని రాష్ట్రం కాదు, లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న ఊరు. ఆ ఊరిని వేసిన అన్నదమ్ములు కెనడా నుంచి వచ్చారు కాబట్టి సొంత రాష్ట్రం పేరే పెట్టుకున్నారు. అన్న జార్జ్ చాఫీ ఇంజనీరు, తమ్ముడు విలియం తోటల మనిషి. 1881లో ఎటివాండా, 1882లో ఆంటారియో మొదలుపెట్టారు. ఇప్పటి మాటల్లో అది పక్కా వెంచర్. నడిమధ్యన యూక్లిడ్ అవెన్యూ అనే విశాలమైన రోడ్డు, దానికి రెండువైపులా చెట్లు, కాలేజీకి స్థలం, ఊళ్లో సారా అమ్మకూడదని దస్తావేజులోనే షరతు. రైలు స్టేషన్ దగ్గర ఒక నీళ్ల ఫౌంటెన్ కూడా పెట్టారు. రైలు వచ్చినప్పుడే దాన్ని తిప్పేవాళ్లని, బండి కదలగానే కట్టేసేవాళ్లని ఆ ఊరి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. కిటికీలోంచి చూసే ప్రయాణికుడికి ఎడారిలో నీళ్లు ఎగసిపడుతూ కనిపించాలి, అంతే.

ఫౌంటెన్ సంగతి విని నవ్వుకున్నా, ఆంటారియోలో అమ్మిన సరుకు మాత్రం అసలైనదే. భూమి కొన్నవాడికి నీటి కంపెనీలో వాటా కూడా వచ్చేది. ఎకరం చేతులు మారితే నీటి వాటా కూడా మారేది. నీళ్లమ్మే కంపెనీ వేరు, రైతు వేరు అన్న తగాదా లేదు. నీళ్లు కొండ లోయలోంచి సిమెంటు పైపుల్లో తోటల్లోకి దిగేవి. నీరు పల్లమెరుగు అంటాం కదా, అక్కడ సగం ఇంజనీరింగ్ ఆ సామెతే చూసుకుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ రోజుల్లో దక్షిణ కాలిఫోర్నియా అంతటా ఇదే వేడి. 1873లో రివర్‌సైడ్‌లో ఎలైజా టిబెట్స్ అనే ఆవిడ పెరట్లో నాటిన గింజలేని బ్రెజిల్ నారింజ అక్కడి నేలకు అద్భుతంగా పట్టింది. 1887 మార్చిలో రెండు రైలు కంపెనీలు పోటీపడి కాన్సస్ సిటీ నుంచి లాస్ ఏంజెలెస్ టికెట్‌ను ఒక రోజు ఒక్క డాలరుకు దించేశాయి. దిగిన జనానికి ప్లాట్లు అమ్మే దళారులు సిద్ధంగా ఉన్నారు. ఎడారిలోని జాషువా చెట్ల ముళ్లకు నారింజపళ్లు గుచ్చి, ఇదిగో నారింజ తోట అని చూపించి అమ్మారని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ ఆ కథ పుట్టడానికి తగ్గ వాతావరణం మాత్రం ఉంది. మరుసటి ఏడాదికే బూమ్ చల్లారింది. కాగితం మీద వేసిన ఊళ్లు డజన్ల కొద్దీ కాగితం మీదే మిగిలాయి.

డీకిన్ మాటల ప్రభావమో, కొత్త ఖండం మీద ఆశో, జార్జ్ చాఫీ 1886లో మెల్‌బోర్న్ వచ్చాడు. ముర్రే ఒడ్డున అప్పుల్లో కూరుకుపోయిన గొర్రెల స్టేషన్, అంటే గొర్రెలు మేపే పెద్ద ఎస్టేట్, మిల్డూరాను చూశాడు. ఎర్ర ఇసుక, మల్లీ అనే పొట్టి యూకలిప్టస్ పొదలు, మేసినంత మేర మేసేసిన కుందేళ్లు. అది లాట్జి లాట్జి ఆదివాసుల నేల అన్న సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా రాలేదు. జార్జ్ చూసింది నదిని. కాలిఫోర్నియాలో తమకున్న ఆస్తులు అమ్మేయమని తమ్ముడికి టెలిగ్రామ్ కొట్టాడు. విలియం నష్టానికే తెగనమ్మి బయల్దేరాడు.

ఈలోగా విక్టోరియా పార్లమెంటులో గొడవ మొదలైంది. విదేశీయులకు అంత భూమా అని. బహిరంగ టెండరు పిలవాల్సిందేనన్నారు, పిలిస్తే వేరే ఎవరూ రాలేదు. ఆ సందులో పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వం చాఫీలను పిలిచి రెన్‌మార్క్ దగ్గర 2,50,000 ఎకరాలకు ఒప్పందం చేసేసుకుంది. దాంతో విక్టోరియా దిగొచ్చి 1887 మే 31న మిల్డూరాకు సంతకం పెట్టింది. ఇక్కడా 2,50,000 ఎకరాలే. బదులుగా 20 ఏళ్లలో 3,00,000 పౌండ్లు అభివృద్ధికి ఖర్చు పెట్టాలి. పెట్టుబడి కోసం రెండు ప్రభుత్వాలు పోటీపడి భూమి రాసివ్వడం కొత్త సంగతేమీ కాదని దీన్ని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక అమ్మాలి. ఈ పని జె.ఇ. మాథ్యూ విన్సెంట్ అనే ప్రచార నిపుణుడు భుజాన వేసుకున్నాడు. ముర్రే నది మీది ఆస్ట్రేలియా నీటిపారుదల కాలనీల గురించి ఆయన తయారుచేసిన బొమ్మల పుస్తకానికి అట్ట ఎర్రగా ఉండేది. అందుకే జనం దాన్ని రెడ్ బుక్ అనేవాళ్లు. లండన్‌లో ఆఫీసు పెట్టి బ్రిటన్ అంతటా దాన్ని పంచారు. ఎవరికి? గుమాస్తాలకు, రిటైరైన అధికారులకు, ఆస్తిలో వాటా రాని చిన్న కొడుకులకు. చేతిలో కాస్త డబ్బుండి, చేతికి మట్టి అంటనివాళ్లకు. పదెకరాలు చాలు, వాయిదాల్లో కట్టొచ్చు, చెట్లు పెరుగుతుంటే గౌరవంగా బతకొచ్చు, ఇదీ పుస్తకం చెప్పిన మాట. దానికి రుజువు కాలిఫోర్నియా. మిల్డూరా నుంచి రుజువు చూపించడానికి అక్కడ ఇంకా కాపుకొచ్చిన చెట్టే లేదు. ఏ పళ్ల చెట్టుకైనా కొన్నేళ్లు ఆగాలి కదా.

అయినా జనం వచ్చారు. 1890ల మొదటికి దాదాపు మూడు వేల మంది చేరారు. వీధులకు అమెరికా పద్ధతిలో సెవెంత్ స్ట్రీట్, ఎయిత్ స్ట్రీట్ అని నంబర్లు, ప్రధాన రోడ్డుకు డీకిన్ పేరు. ఇక్కడా మందు లైసెన్సులు లేవు. చాఫీలు హోటల్‌కు కాఫీ ప్యాలెస్ అని పేరు పెట్టారు. ఆ ఊరు దానికి తన పద్ధతిలో జవాబు చెప్పింది. క్లబ్బుల్లో తాగడానికి అడ్డు లేకపోవడంతో మిల్డూరా వర్కింగ్ మ్యాన్స్ క్లబ్ పెరిగి పెరిగి, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన బార్ కౌంటర్ తమదేనని చెప్పుకునే దాకా వెళ్లింది.

నీటి దగ్గర కథ మారిపోయింది. మిల్డూరాలో నది కింద ఉంది, పొలం పైన ఉంది. అంటే ఎత్తిపోతలు. జార్జ్ స్వయంగా డిజైన్ చేసిన పంపులను బర్మింగ్‌హామ్‌లోని టాంగీస్ కంపెనీ తయారుచేసింది. వాటిలో సైకీ బెండ్ దగ్గరిది ఇప్పటికీ చూడొచ్చు. ఆవిరి యంత్రాలకు కట్టెలు కావాలి, కట్టెలు కొట్టడానికి కూలీలు, వాళ్లకు డబ్బు. పంపు తిరిగిన ప్రతి గంటకూ ఖర్చే. పైకి వచ్చిన నీళ్లు మట్టి కాలువల్లో పారాలి. ఇసుక నేల సగం తాగేసేది. యాబీలనే మంచినీటి రొయ్యల్లాంటి జీవులు గట్లలో కన్నాలు తవ్వి బుంగలు వేసేవి. ఊటనీరు పల్లపు తోటల్లో నిలిచి, అడుగున ఉన్న ఉప్పును పైకి తెచ్చింది. చౌడు తేలిన చోట చెట్లు ఎండిపోయాయి.

హక్కు విషయంలోనూ తేడానే. డీకిన్ స్వయంగా తెచ్చిన 1886 చట్టం నదుల నీటి మీద హక్కు ప్రభుత్వానిదేనంది. ఆ ఆలోచన మంచిదే, కాలిఫోర్నియాలో నది ఒడ్డు హక్కుల మీద జరుగుతున్న కోర్టు తగాదాలు చూశాకే ఆయన అలా రాశాడు. కానీ దాని ఫలితంగా మిల్డూరాలో చాఫీల చేతిలో ఉన్నది నీళ్లు తోడుకునే అనుమతి, సెటిలర్ చేతిలో ఉన్నది ఒక కంపెనీ మాట. ఆంటారియోలో లాగా పడుగూ పేకలా అల్లుకున్న భూమి, నీళ్లు ఇక్కడ రెండు వేర్వేరు దారాలయ్యాయి.

పళ్లు వచ్చాక మరో చిక్కు. రైలు లేదు. మెల్‌బోర్న్ దాదాపు 540 కిలోమీటర్లు. పళ్లు పడవల్లో ఎగువకు, స్వాన్ హిల్‌కో ఎచూకాకో వెళ్లి అక్కడ రైలెక్కాలి. పళ్లు పండేది ఎండాకాలంలో. నదిలో నీళ్లు తగ్గి స్టీమర్లు ఆగిపోయేదీ ఎండాకాలంలోనే. రేవులో పెట్టెలు కుళ్లిపోయాయి. 1893లో బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. వాయిదాలు రాలేదు, పంపులకు కట్టెలు కొనే డబ్బు లేదు. 1895 డిసెంబరులో చాఫీ బ్రదర్స్ కంపెనీ దివాలా తీసింది. నీటి నిర్వహణ కొత్తగా ఏర్పడిన ట్రస్టు చేతికి వెళ్లింది. 1896లో విచారణ జరిపిన రాయల్ కమిషన్ తప్పు చాలావరకు చాఫీలదేనంది. జార్జ్ మరుసటి ఏడాదే కాలిఫోర్నియా వెళ్లిపోయాడు.

చాఫీలను మోసగాళ్లుగా రాసేవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. నాకలా అనిపించదు. మోసగాడైతే డబ్బుతో వెళ్తాడు, వీళ్లు ఉన్నదంతా మిల్డూరా మట్టిలో పోశారు. తమ ప్రకటనను తామే నమ్మిన మనుషులు, కొన్నవాళ్లకు వాళ్లవల్ల జరిగిన నష్టం మాత్రం తక్కువేమీ కాదు. పైగా జార్జ్‌కు ఆ జబ్బు తగ్గలేదు. తిరిగి వెళ్లాక కాలిఫోర్నియా దక్షిణ కొసనున్న ఎడారిలోకి కొలరాడో నది నీళ్లు మళ్లించే పనిలో చేరాడు. కొలరాడో ఎడారి అంటే ఎవరు కొంటారని ఇంపీరియల్ వ్యాలీ అని పేరు మార్చారు. 1901లో నీళ్లు వచ్చాయి. జార్జ్ తప్పుకున్నాక, 1905లో నది గండి కొట్టి దాదాపు రెండేళ్లు ఆ పల్లంలోకే పారింది. సాల్టన్ సీ అనే చెరువు అలా ఏర్పడింది.

తమ్ముడు విలియం మిల్డూరాలోనే ఉండిపోయాడు. తోట వేసుకుని అందరితోపాటు అప్పులు తీర్చుకున్నాడు. ఊరిని నిలబెట్టింది ఎండుద్రాక్ష. కుళ్లే పండు పడవ కోసం ఆగలేదు, కిస్మిస్ ఆగుతుంది. రెడ్ బుక్ నారింజ, ద్రాక్ష, అన్నీ పండుతాయంది, ఎండలో ఆరబెట్టిన సుల్తానా ద్రాక్ష ఒక్కటి గెలిచింది. 1903లో రైలొచ్చింది. 1920లో మిల్డూరాకు మొదటి మేయర్ విలియమే.

అప్పటికి రెండో తరం ప్రచారకుడు వచ్చేశాడు. జాక్ డి గారిస్. ఎండుద్రాక్ష రైతుల సంఘం తరఫున 1919లో ఆయన నడిపిన ప్రచారం దేశమంతా మోగింది. సన్-రేజ్డ్ అని బ్రాండు పేరు. ఆ పేరులోంచే ఆ ప్రాంతానికే సన్‌రేజియా అనే పేరు స్థిరపడింది, స్థానిక పత్రిక కూడా ఆ పేరే పెట్టుకుంది. స్పానిష్ ఫ్లూ ఊళ్లను పీడిస్తున్న ఏడాది అది. మా ఎండుద్రాక్ష తింటే ఫ్లూ భయం లేదన్న అర్థంలో ఒక గీతం కట్టి ప్రచారం చేశాడు. కరోనా రోజుల్లో మన వాట్సాప్ చూసినవాళ్లకు ఇది ఆశ్చర్యమనిపించదు. ఆ ఊపులో వెస్టర్న్ ఆస్ట్రేలియాలో కెండెనప్ అనే ఎస్టేట్ కొని, మళ్లీ అదే పద్ధతిలో సెటిలర్లకు తోటలు అమ్మాడు. అది కుప్పకూలింది. 1925లో నీట మునిగి చనిపోయినట్టు నాటకమాడి దొరికిపోయాడు. 1926లో నిజంగానే ప్రాణం తీసుకున్నాడు. విలియం చాఫీ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు మిల్డూరా పక్కన రెడ్ క్లిఫ్స్‌లో తోటలిచ్చారు. ఈసారి అమ్మింది ప్రభుత్వమే. మల్లీ మొద్దులు పీకడానికి బిగ్ లిజ్జీ అనే రాక్షసి ట్రాక్టర్‌ను తెచ్చారు, దాన్ని ఆ ఊళ్లో ఇప్పటికీ నిలబెట్టారు. చెట్లు కాపుకొచ్చేసరికి ఎండుద్రాక్ష ధర పడిపోయింది.

2007లో ఉత్తర విక్టోరియాలో చట్టం మారి, నీటి హక్కు భూమి నుంచి పూర్తిగా విడిపోయింది. ఎకరాలు అమ్ముకోకుండా నీళ్లు అమ్ముకోవచ్చు, ఎకరం లేకుండా నీళ్లు కొనొచ్చు. చిన్న ద్రాక్ష రైతులు చాలామంది కరువు ఏళ్లలో నీటి వాటా అమ్ముకుని తీగలు ఎండనిచ్చారు. అదే సమయంలో ముర్రే ఒడ్డున పెద్ద బాదం తోటలు లేచాయి. వాటిలో కొన్నింటిని మెల్‌బోర్న్ కంపెనీ టింబర్‌కార్ప్ నగరాల్లోని చిన్న పెట్టుబడిదారులకు వాటాలుగా అమ్మింది. పన్ను మినహాయింపు, చెట్ల మీద ఆదాయం, రంగుల బ్రోచర్. కంపెనీ 2009 ఏప్రిల్‌లో కూలినప్పుడు సుమారు 18 వేల మంది చిక్కుకున్నారు. బాదం తోటలను అదే ఏడాది సింగపూర్‌కు చెందిన ఓలమ్ కొనుక్కుంది. వాటా కోసం ఆ కంపెనీ గ్రూపులోనే అప్పు తీసుకున్నవాళ్లు చాలామంది. చెట్లు వేరేవాళ్ల పేరు మీదికి వెళ్లిపోయాక కూడా ఆ అప్పు వాయిదాల నోటీసులు ఏళ్ల తరబడి వాళ్ల ఇళ్లకే వస్తూ ఉన్నాయి.