రోగి కోలుకుంటుంటే స్కాన్‌లో మచ్చలు పెరగడమేమిటి? అపోహలు - వాస్తవాలు

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల స్కాన్ సెంటర్లకు కోవిడ్ లాంటి వైరల్ న్యుమోనియాతో ఛాతీ సీటీ స్కాన్ కోసం వచ్చేవాళ్ల బంధువులు రేడియాలజిస్టులమైన మమ్మల్ని అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: మొదటి స్కాన్ క్లియర్, ఇక భయం లేదు.

జ్వరం వచ్చిన రెండో రోజున తీసిన స్కాన్ గురించైతే అంత ధీమా వద్దు. కోవిడ్‌లో తొలి రెండు రోజుల్లో చాలామందికి స్కాన్ మామూలుగానే ఉండేది.

అపోహ: రెండో స్కాన్‌లో మచ్చలు పెరిగాయంటే మందు పనిచేయట్లేదు.

ఎన్నో రోజున తీశారన్నది ముందు చూడాలి. మొదట కనిపించేది గ్రౌండ్ గ్లాస్: అరకు పొగమంచులో చెట్లు కనబడినట్టు, తెల్లదనం వెనక రక్తనాళాలు తెలుస్తూనే ఉంటాయి. తర్వాత దానిపై గళ్లలా గీతలు పడతాయి. గాలిగదులు ద్రవంతో, కణాలతో నిండిపోతే ఆ భాగం చిక్కబడి నాళాలు కనబడవు, అదే కన్సాలిడేషన్. కోవిడ్ న్యుమోనియాలో లక్షణాలు మొదలైన పదో రోజుకు కాస్త అటూఇటూగా ఇది ముదిరి, సాధారణంగా రెండు వారాలు దాటాక కరగడం మొదలవుతుంది. నాలుగో రోజు ఫిల్ముతో తొమ్మిదో రోజుది పోలిస్తే పెరిగినట్టే ఉంటుంది మరి. కరిగేటప్పుడు ఇంకో తిరకాసు: చిక్కటి మచ్చ పలచబడుతూ కొన్నిసార్లు వెడల్పవుతుంది. రిపోర్టులో తీవ్రతకు వేసే స్కోరు లెక్కించేది మచ్చల విస్తీర్ణాన్నే, చిక్కదనాన్ని కాదు. అందుకే మనిషి నడుస్తున్నా నంబరు దిగకపోవచ్చు. ఆయాసం, ఆక్సిజన్ శాతం చూడకుండా ఫిల్ముతోనే తీర్పు చెప్పేస్తే నాకు నచ్చదు.

తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టి, కొత్త చోట చిక్కటి మచ్చో, ఊపిరితిత్తి చుట్టూ నీరో కనిపిస్తే మాత్రం అది వేరే కథ. బ్యాక్టీరియా తోడై ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

అపోహ: రిపోర్టులో కోరాడ్స్ 5 అంటే జబ్బు బాగా ముదిరినట్టు.

కాదు. అది కోవిడ్ అన్న అనుమానం ఎంత బలంగా ఉందో చెప్పే అంకె. తీవ్రతకు వాడేది 25కు వేసే స్కోరు: ఊపిరితిత్తుల్లో అయిదు లోబ్‌లు (భాగాలు), ఒక్కోదానికి అయిదు దాకా.

అపోహ: నెల తర్వాతా చారలున్నాయి, ఇక ఫైబ్రోసిసే (ఊపిరితిత్తి శాశ్వతంగా గట్టిపడటం).

వాటిలో చాలావరకు నెలల మీద పలచబడతాయి. నెలకే ఆ ముద్ర వేయడం తొందరపాటు. తీవ్రంగా జబ్బుపడినవాళ్లకు సుమారు 12 వారాలకు ఎక్స్‌రే తీసి, అవసరమైతేనే మళ్లీ స్కాన్. ఈలోగా వారం వారం స్కాన్లు ఎందుకు? ఖర్చు, రేడియేషన్ తప్ప ఒరిగేదేమీ లేదు. పై లోబ్‌లలో మచ్చ అలాగే ఉండి, రెండు వారాలకు మించి దగ్గుంటే వాల్తేరు ఛాతీ ఆసుపత్రిలోనో, దగ్గర్లోని పీహెచ్‌సీలోనో టీబీకి కళ్లె పరీక్ష చేయించండి.

మళ్లీ స్కాన్‌కు వచ్చినప్పుడు పాత సీడీ తెండి. జ్వరం మొదలైన తేదీ ఆ కవరు మీదే రాసిపెట్టండి.